విషం కురిపించే ఉరుము

నమస్కారం. ముందు ఈ దృశ్యాన్ని కాసేపు చూడండి.

సన్నటి తీగలకు వేలాడుతున్న గాజు. ఎత్తు 5 మీటర్లు. దూరం నుంచి వాన జల్లులా ఉంది కదా? దగ్గరికి వెళ్తే ఒక్కో చినుకూ ఒక దుంప. మన పెండలం లాంటి అడవి దుంప. ఇవి 2,000కు పైనే ఉన్నాయి. ఆస్ట్రేలియా కళాకారిణి యానీ స్కార్స్ 2015లో చేసిన 'థండర్ రెయినింగ్ పాయిజన్' ఇది. ఆమె కొకథ, నుకును అనే ఆదివాసీ జాతుల బిడ్డ. పుట్టింది వూమెరాలో, రాకెట్ పరీక్షల కోసం కట్టిన ఊళ్లో.

ఉరుము అంటే ఇక్కడ బాంబు. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో మారలింగ అనే చోట 1956, 57 సంవత్సరాల్లో బ్రిటన్ 7 అణుబాంబులు పేల్చింది. ఆ వేడికి ఇసుక కరిగి గాజైపోయింది. ఈ సంగతి తెలిశాక ఈ దుంపల మెరుపు నాకు అందంగా అనిపించడం మానేసింది.

ఆ ఎడారిలో మనుషులున్నారు. వాళ్లకోసం హెచ్చరిక బోర్డులు పెట్టారు, ఇంగ్లిష్‌లో! ఆ భాష చదవడం వాళ్లకు రాదు. 1957లో ఒక కుటుంబం బాంబు తవ్విన గొయ్యి దగ్గరే బస చేసింది. వాళ్లలో ఒకామె గర్భిణి.

నన్ను వదలకుండా వెంటాడుతున్నది మాత్రం ఒక ఉత్తరం. వాల్టర్ మెక్‌డూగల్ అనే గస్తీ అధికారి ఆదివాసీల క్షేమం గురించి పదేపదే అడిగాడు. దానికి 1956లో ఒక పెద్ద ప్రభుత్వ శాస్త్రవేత్త ఏం రాశాడంటే, గుప్పెడు మంది స్థానికుల వ్యవహారాన్ని ఇతను మొత్తం బ్రిటిష్ కామన్‌వెల్త్ కంటే పైన పెడుతున్నాడని. గుప్పెడు మంది! తల్లులూ పిల్లలూ ముసలివాళ్లూ అందరూ కలిసి ఒక గుప్పెడు.

తర్వాత విచారణ కమిషన్ వేశారు. 1994లో పరిహారం ఇచ్చారు. అప్పటికి దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయి.

స్కార్స్ పనిలో ఈ దుంప తిండీ అవుతుంది, మనిషీ అవుతుంది. కొలిమిలో కాగిన గాజు ముద్దను గొట్టం చివరికి ఎత్తి, నోటితో ఊది, చల్లారేలోపు ఆకారం తేవాలి. ఒక్కో దుంపకూ ఒక్కో ఊపిరి. గుప్పెడుగా పోగేసి ఊదడం కుదరదు.

ఇప్పుడు మళ్లీ ఆ మొదటి దృశ్యమే వేస్తున్నాను. ఈసారి వానను చూడకండి. ఏదో ఒక్క దుంపను ఎంచుకుని, దాన్నే చూస్తూ ఉండండి.