కెమెరా మనదే, స్క్రూలు ఎవరివి?

సభాధ్యక్షులకు, వేదికను అలంకరించిన పెద్దలకు, ఈ ఛాయాచిత్ర ప్రదర్శనను శ్రమకోర్చి ఏర్పాటు చేసిన సంఘ సభ్యులకు, మెడలో కెమెరాలతో తరలివచ్చిన యువ మిత్రులకు నమస్కారం. నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం ‘ఫోటోగ్రాఫరు, పరికరాలు’. ఏ కెమెరా కొనాలో చెబుతానని ఆశగా చూస్తున్నవారు ముందు వరుసలోనే కొందరు కనిపిస్తున్నారు. వారిని నిరాశపరచక తప్పదు. ఏది కొనాలో చెప్పేవారికి కొదవ లేదు. కొన్న తర్వాత ఆ వస్తువు మన చేతిలో ఎంతకాలం, ఎవరి దయమీద పనిచేస్తుందన్నదే నన్ను కొంతకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

మనం ఈరోజు జరుపుకుంటున్న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవానికి, అంటే ఆగస్టు 19కి, ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. 1839లో ఇదే రోజున పారిస్‌లో శాస్త్రవేత్తలు, చిత్రకారులు కూడిన సభలో ఛాయాచిత్రాలు తీయడానికి లూయీ డాగేర్ కనిపెట్టిన పద్ధతిని శాస్త్రవేత్త ఫ్రాన్స్వా అరాగో బహిరంగంగా వివరించారు. వెండి పూత పూసిన రాగి పలకకు అయోడిన్ ఆవిరి పట్టించడం దగ్గర నుంచి పాదరసపు ఆవిరితో బొమ్మను తేల్చడం వరకు దాచినదేమీ లేదు. డాగేర్‌కూ, ఆయన దివంగత భాగస్వామి నియెప్స్ కుమారుడికీ జీవితాంతం పింఛను ఇచ్చి, ఆ పద్ధతిని ఫ్రెంచి ప్రభుత్వం లోకానికి ఉచితంగా వదిలింది. అయితే ఆ ఉదారతకు ఒక చిల్లు ఉంది. సభకు ఐదు రోజుల ముందే, అంటే ఆగస్టు 14న, డాగేర్ తరఫున ఇంగ్లండులో పేటెంటు నమోదైంది. అందరికీ తెరిచిన తలుపు, ఒకరికి మాత్రమే ఉన్న తాళం చెవి ఫోటోగ్రఫీలో ఒకే వారంలో పుట్టాయన్నమాట.

1888లో వచ్చిన కోడక్ కెమెరా ఆ తాళాన్ని మరింత బిగించింది. నూరు చిత్రాలకు సరిపడే ఫిల్ముతో అమ్మేవారు; అవి పూర్తయ్యాక కెమెరాను కెమెరాగానే కంపెనీకి పంపిస్తే వారే కడిగి, ముద్రించి, కొత్త ఫిల్ము నింపి తిరిగి పంపేవారు. దానివల్ల సామాన్యుడి చేతికి కెమెరా వచ్చింది, కాదనను. కానీ లోపల ఏముందో తెలుసుకోనక్కరలేని ఫోటోగ్రాఫరు కూడా దానితోనే తయారయ్యాడు.

తెలుసుకుంటే ఏమి లాభమని మీరు అడగవచ్చు. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం దగ్గర అమెరికన్ ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ తీసిన చంద్రోదయం చిత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. దిగిపోతున్న సూర్యుడి చివరి వెలుగు శ్మశానంలోని శిలువల మీద పడుతోంది. పెద్ద కెమెరాను హడావుడిగా నిలబెట్టారు. తీరా చూస్తే వెలుతురును కొలిచే లైట్ మీటర్ కనిపించలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు జ్ఞాపకం ఉంది. దాని ఆధారంగా మనసులోనే లెక్కకట్టి, లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, అంటే ఎఫ్/32 దగ్గర, ఒక సెకను సేపు ఫిల్ము మీద వెలుగు పడనిచ్చారు. మరో నెగెటివ్ తీద్దామని ఫిల్ము హోల్డరు తిప్పేలోగా శిలువల మీది వెలుగు పోయింది. ఆ చిత్రం ఖరీదైన పరికరం వల్ల రాలేదు; ఒక పరికరం లేనప్పుడు, దాని పని ఏమిటో క్షుణ్ణంగా తెలిసి ఉండడం వల్ల వచ్చింది.

ఇక నా గోడు. నా దగ్గర ఒక జూమ్ లెన్స్ ఉంది. నేను తీసిన మంచి చిత్రాల్లో సగానికి పైగా దానితో తీసినవే. ఒకనాడు దాన్ని ఎక్కువ దృశ్యం పట్టే వైడ్ వైపు తిప్పి, వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, ఎఫ్/8కు తగ్గిస్తే కెమెరా తెరమీద ఎర్రర్ రావడం మొదలైంది. అపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచితే ఏ ఇబ్బందీ లేదు. లక్షణం ఇంత స్పష్టంగా ఉంది కదా, ఏదో చిన్న భాగమే చెడి ఉంటుందని సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్లాను. కౌంటరులోని యువకుడు లెన్స్‌ను కనీసం కెమెరాకు తగిలించి చూడలేదు. నంబరు కంప్యూటరులో కొట్టి, “దీని పార్టులు ఆపేశారు సార్, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి” అన్నాడు. విడి భాగం అమ్మరు, సర్వీస్ మాన్యువల్ ఇవ్వరు, బయట విప్పిస్తే తమకు సంబంధం లేదంటారు. అయ్యా, గాజు చెక్కుచెదరలేదు, ఫోకస్ మోటారు చక్కగా తిరుగుతోంది, అలాంటి లెన్స్‌ను చచ్చిపోయిందని ఏ లెక్కన నిర్ణయించారు?

చివరికి ఒక వృద్ధ మెకానిక్ దగ్గరికి చేరాను. ఆయన ముందుగా తెల్ల కాగితం మీద లెన్స్ వెనుక భాగం బొమ్మ గీసుకుని, తీసిన ప్రతి స్క్రూనూ ఆ బొమ్మలో దాని చోటనే పెట్టారు. జపాను కెమెరాల స్క్రూ తల మామూలు ప్లస్ స్క్రూలా కనిపించినా దాని గాడి కొలత వేరనీ, మామూలు స్క్రూడ్రైవరు పెడితే తల అరిగిపోతుందనీ చెబుతూ తన దగ్గరున్న సన్నటి డ్రైవరు చూపించారు. లెన్స్ కెమెరాకు బిగుసుకునే మౌంట్ కింద వెంట్రుకవాసి మందం ఉన్న లోహపు రింగులు బయటపడ్డాయి. వాటిని షిమ్‌లంటారు. ఇవి ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో తిరిగి పెట్టకపోతే చిత్రంలో ఒక మూల స్ఫుటంగా, మరో మూల మసకగా వస్తుందన్నారు. అన్నిటికంటే లోపల అపర్చర్‌కు కరెంటు మోసుకెళ్లే ఫ్లెక్స్ కేబుల్, అంటే వంగే పలుచని పట్టీ, ఉంది. పట్టుకారుతో మెల్లగా వంచి భూతద్దం ఇచ్చారు. జూమ్ తిప్పినప్పుడల్లా మడతపడే చోట రాగి గీతలలో ఒకటి తెగి ఉంది. అదే రకం పాడైన మరో లెన్స్ ఆయన డబ్బాలో ఉండబట్టి, దానిలోని కేబుల్ తీసి వేశారు. నిన్న ఇక్కడ ప్రదర్శన ఏర్పాట్లను ఆ లెన్స్‌తోనే తీశాను.

కంపెనీల వాదనలోనూ కొంత నిజం ఉంది. ఆ షిమ్‌లను కొలిచి సరిచేసే యంత్రాలు అందరి దగ్గరా ఉండవు. పాత కెమెరాలే గొప్పవని చెప్పే భజనబృందంలో నేను లేను. 1982 నాటి నికాన్ ఎఫ్‌ఎం2లో బ్యాటరీ అయిపోయినా షట్టరు పనిచేస్తుంది, ఆగేది లైట్ మీటర్ ఒక్కటే, అయినా రాత్రిపూట చిత్రాలకు నేను తీసుకువెళ్లేది డిజిటల్ కెమెరానే. నేను అడుగుతున్నది చాలా చిన్నది. అమ్మకం ఆపిన వస్తువుకు విడి భాగాలూ మాన్యువలూ అందుబాటులో ఉంచండి. యంత్రం లేదు కాబట్టి కుదరదనే మాట మెకానిక్‌ను చెప్పనివ్వండి, నంబరు కొట్టిన కంప్యూటరును కాదు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, ముగిస్తాను. కంపెనీలు వినేదాకా మనం ఊరికే కూర్చోనక్కరలేదు. మీ బీరువాల్లో పనిచేయని కెమెరాలు, లెన్స్‌లు తప్పక ఉంటాయి. వాటిని పాత సామానుకు వేయకండి. బూజు పట్టినవాటిని మాత్రం విడిగా సంచిలో కట్టండి, మిగతావాటికి అంటుకోనివ్వకండి. మోడల్ పేరు, ఏమి చెడిందో ఒక చీటీమీద రాసి సంఘానికి అప్పగిస్తే, ఎవరికి ఏ భాగం కావాలన్నా వెతికి ఇచ్చేలా ఒక పెట్టె, ఒక జాబితా పుస్తకం నేను నిర్వహిస్తాను. రాత్రి భోజనాల తర్వాత వెనుక బల్ల దగ్గరే ఉంటాను. ఆసక్తి ఉన్నవారు అక్కడ పేర్లు రాయించండి.