కొరియాలో తల వంచడం నేర్చుకునేవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

దక్షిణ కొరియాలో కేటీఎక్స్ అనే వేగపు రైళ్లున్నాయి. బోగీలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్లిన రైలు ఉద్యోగి, తలుపు దాటే ముందు వెనక్కి తిరిగి ప్రయాణికులకు వంగి అభివాదం చేసి మరీ వెళతాడు. ఫోన్లు చూసేవాళ్లు ఫోన్లు చూస్తూనే ఉంటారు, నిద్రపోయేవాళ్లు నిద్రపోతూనే ఉంటారు. ఎవరూ బదులివ్వరు, ఇవ్వాలని అతనూ అనుకోడు. కొత్తగా వచ్చిన విదేశీయుడు మాత్రం కంగారుపడి, సీట్లోంచి సగం లేచి తనూ వంగుతాడు.

నడుము వంచడం ఎవరికైనా వస్తుంది. ఎవరికి వంగాలి, ఎంత వంగాలి, ముందు ఎవరు వంగాలి, ఎక్కడ అక్కర్లేదు అన్నదే తేలదు. 2023 చివరికి కొరియాలో ఉంటున్న విదేశీయులు 25 లక్షలు దాటారు. 2004లో మొదలైన ఉపాధి అనుమతి పథకం కింద నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ లాంటి దేశాల నుంచి ఫ్యాక్టరీల్లో, పొలాల్లో పనికి వెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వియత్నాం నుంచి కోడళ్లుగా వెళ్లినవాళ్లున్నారు. చదువుకోసం, పరిశోధన కోసం వెళ్లిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. భాష నోటికి రాకముందే వీళ్లందరూ వంగడం నేర్చుకోవాల్సి వస్తుంది.

ఉద్యోగ శిక్షణల్లో దీనికి కొలతలు కూడా చెబుతారు. దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే 15 డిగ్రీలు, పై అధికారికో ప్రొఫెసర్‌కో 30, క్షమాపణకీ గాఢమైన కృతజ్ఞతకీ 45. కోణమాని పట్టుకుని ఎవరూ కొలవరు లెండి. కానీ నడుస్తూ నడుస్తూ వంగితే బాగోదు, ఒక్క క్షణం ఆగాలి. వంగేటప్పుడు చూపు కిందికి దిగాలి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ వంగితే వింతగా ఉంటుంది. పొద్దున ఒకసారి వంగి పలకరించిన పెద్దమనిషి మళ్లీ వరండాలో కనబడితే తల ఊపితే చాలు. ఈ చివరి సంగతి తెలియక కొందరు కొత్తవాళ్లు రోజుకు పదిసార్లు పూర్తిగా వంగుతూనే ఉంటారు. చూసేవాళ్లకు ముచ్చటేస్తుంది గానీ, వంగేవాళ్లకు నడుం నొప్పి.

మనవాళ్ల ఇబ్బంది వేరు. వంగగానే మన రెండు చేతులూ వాటంతటవే జోడించుకుంటాయి. కొరియాలో చేతులు జోడించడం బౌద్ధాలయంలో చేసే పని. ఆఫీసులో చేతులు పక్కనే ఉంటాయి, లేదా పొట్ట దగ్గర ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటారు. మగవాళ్లకు ఎడమ చెయ్యి పైన, ఆడవాళ్లకు కుడి చెయ్యి పైన. చావింట మాత్రం ఇది తిరగబడుతుంది. కరచాలనమైతే పెద్దవాళ్లే ముందు చెయ్యి చాచాలి. చిన్నవాళ్లు కుడి చేతిని ఎడమ చేత్తో ఆనించి, కాస్త వంగి అందుకోవాలి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక, కొరియావాళ్లతో మెలగడం అనంతపురం వైపు కొందరికి ఇంటి దగ్గరే మొదలైంది.

మరి పెద్ద ఎవరో, చిన్న ఎవరో తెలిసేదెట్లా? అడుగుతారు. పరిచయమైన కాసేపటికే వయసు అడుగుతారు. ఐరోపా, అమెరికాల నుంచి వచ్చినవాళ్లు దీనికి ఉలిక్కిపడతారు. మనం పడం. మనం జీతం కూడా అడిగే జాతి కదా! పుట్టగానే ఒక ఏడాది లెక్కగట్టే పాత వయసు పద్ధతిని 2023 జూన్‌లో చట్టం పక్కకు తోసింది. అయినా ఎవరు ముందు పుట్టారన్న ఆరా పోలేదు.

ఇక నేలమీద మోకరిల్లి చేసే పెద్ద వందనం ఉంది. చాంద్రమాన కొత్త సంవత్సరం సొల్లాల్ నాడు పిల్లలు, కొడుకులు, కోడళ్లు పెద్దలకు చేసే దాన్ని సెబే అంటారు. పెద్దలు దీవించి పిల్లల చేతిలో డబ్బు పెడతారు. పెళ్లిలో కొత్త కోడలు అత్తమామలకు ఇలాగే వందనం చేస్తే, వాళ్లు రేగు జాతి పళ్లు, చెస్ట్‌నట్ గింజలు విసురుతారు. వధూవరులు ముందున్న గుడ్డలో పట్టుకోవాలి, సంతానం కలగాలని. ఆడవాళ్ల వందనం చాలా కష్టం. చేతులు నుదుటి దాకా ఎత్తి పట్టుకుని, తూలకుండా మెల్లగా కూర్చోవాలి, మళ్లీ మెల్లగా లేవాలి. విదేశీ కోడళ్ల కోసం నడిచే బహుళ సంస్కృతి కుటుంబ కేంద్రాల్లో పండక్కి ముందు హాన్‌బోక్ అనే కొరియా సంప్రదాయ దుస్తులు కట్టించి దీన్ని నేర్పిస్తారు.

అయినా ఆ కోడళ్లకు అసలు భారం వందనం కాదంటాను. అది నిమిషంలో అయిపోతుంది, వంటగదే రోజంతా పడుతుంది. చాలా ఇళ్లలో పితృదేవతల ముందు వంగేది మగవాళ్లు, నైవేద్యాలు వండేది ఆడవాళ్లు. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ బోధనల సంప్రదాయానికి కొరియాలో పెద్ద దిక్కైన సుంగ్‌క్యున్‌క్వాన్ సంస్థే 2022లో, నూనెలో వేయించిన వంటకాలు తప్పనిసరి కాదని ప్రకటించింది. కోడళ్లకు అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

కోరి వంగే విదేశీయులూ ఉన్నారు. 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్ అప్పుడు విదేశీ అతిథుల కోసం బౌద్ధ మఠాలు తలుపులు తెరిచాయి. టెంపుల్‌స్టే అనే ఆ ఏర్పాటు ఇప్పటికీ సాగుతోంది. అక్కడ 108 సాష్టాంగాలు చేయిస్తారు. కొన్నిచోట్ల వందనానికొక పూస దారానికి గుచ్చాలి. ముప్పయ్యో పూస దగ్గరకు వచ్చేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి.

ఎక్కువ తడబాటు చావింట. కొరియాలో పెద్ద ఆసుపత్రులకు ఆనుకునే అంత్యక్రియల మందిరాలుంటాయి. సహోద్యోగి తండ్రి పోయారంటే ఆఫీసంతా అక్కడికి వెళుతుంది. బతికున్న పెద్దలకు ఒక వందనమే, పోయినవారి ఫొటో ముందు రెండు. తర్వాత కుటుంబసభ్యులకు ఎదురెదురుగా ఒకటి. మామూలు పలకరింపు అక్కడ పనికిరాదు.

మా మతం ఒప్పుకోదు, ఎలా అని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రశ్న కొరియాకు కొత్త కాదు. 1791లో యున్ జి-చుంగ్ అనే కాథలిక్కు, తల్లి పోతే పితృకర్మలు చెయ్యనన్నందుకు రాజ్యం అతనికి మరణశిక్ష వేసింది. రోమ్ చర్చి 1939లో ఆ కర్మల విషయంలో పట్టు సడలించింది. 2014లో పోప్ ఫ్రాన్సిస్ సియోల్‌కు వచ్చి యున్‌కు ‘ధన్యుడు’ అనే చర్చి గౌరవాన్ని ప్రకటించారు. కొరియా జపాన్ పాలనలో ఉండగా, జపాన్‌వాళ్ల మతమైన షింతో ఆలయాల ముందు వంగాలని బలవంతం చేసినప్పుడు, ప్యాంగ్‌యాంగ్‌లో అమెరికన్ మిషనరీలు నడిపిన సుంగ్‌సిల్ కళాశాల వంగడానికి ఒప్పుకోక 1938లో మూతపడింది.

ఈరోజుకీ కొరియా ప్రొటెస్టెంట్లలో చాలామంది చావింట నేలమీద వందనం చెయ్యరు. తెల్ల చేమంతి పెట్టి, తల వంచి ప్రార్థించి పక్కకు జరుగుతారు. విదేశీయుడు అదే చేస్తే ఎవరూ తప్పు పట్టరు.

అక్కడ తప్పించుకోవడం కష్టమైంది భోజనం. కవర్లో డబ్బు ఇచ్చి చదివింపుల పుస్తకంలో పేరు రాశాక బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఎక్కువచోట్ల వడ్డించేది యుక్కెజాంగ్, అంటే ఎర్రటి కారంతో కాచిన గొడ్డుమాంసం పులుసు. తినని మనవాళ్లు అన్నం, పళ్లు, వేరుశనగపప్పు తీసుకుని కాసేపు కూర్చుని వస్తారు. పక్కవాళ్లు మందు పోస్తే పుచ్చుకోవచ్చు గానీ, గ్లాసుకు గ్లాసు తాకించకూడదు.