కొండదారిని కాగితం మీదికి తెద్దాం

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న తల్లులకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, చోటు చాలక వెనక గోడ వారగా నిలబడ్డ కాలేజీ విద్యార్థులకు నమస్కారం.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను ఆయన చేసిన ఇంకో పనిని పట్టుకుంటాను. ఇదే ఊళ్ళో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవరల నోట విన్నదాన్ని విన్నట్టు రాసుకున్నారు, వ్యాకరణం కట్టారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. కొండ మీది మనిషికి తెలిసినదాన్ని ఆ మనిషినే అడిగి, శ్రద్ధగా రాసిపెట్టి, తర్వాతి తరానికి అందించిన పని అది. ఆయన భాషకు చేసిన ఆ పనిని మనం కొండదారులకు చేద్దామని అడగడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

మన కొండలు మీకు తెలియనివి కావు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. గంగరాజుల ఇలవేల్పు గోకర్ణేశ్వరుడు వెలసిన కొండ, పరశురాముడు తపస్సు చేశాడని మనవాళ్ళు చెప్పుకునే కొండ. భీముడి పేర, కుంతి పేర, ధర్మరాజు పేర రాతి గుళ్ళు ఉన్నాయి. శివరాత్రికి ఒడిశా భక్తులు కొయిన్‌పూర్ మీదుగా, ఆంధ్ర భక్తులు మందస వైపు నుంచి ఎక్కి పైన కలుసుకుంటారు. పడమరగా వెళితే రాయగడ జిల్లాలో నియమగిరి, ఇంకా ముందుకు కోరాపుట్‌లో దేవమాలి. 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అదే. ఈ కొండల్లో దారులకు కొదవ లేదు. సంతకు దిగే దారి, పోడుకు ఎక్కే దారి, పశువులు తొక్కిన దారి, పక్క ఊరికి పిల్లనిచ్చినవాళ్ళు నడిచే దారి. వీటన్నిటినీ మనుషులు తరతరాలుగా నడిచి నిలబెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు చదివి, నమ్మి, క్షేమంగా వెళ్ళి రావడానికి పనికొచ్చే రాత మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు మన పిల్లలు ఫోనులో ఎవరో పెట్టిన వీడియో చూసి బయలుదేరుతున్నారు. వీడియోలో శిఖరం కనిపిస్తుంది, మబ్బు కనిపిస్తుంది, నవ్వుతున్న ముఖాలు కనిపిస్తాయి. దారి రెండుగా చీలే చోటు కనిపించదు. నీళ్ళు దొరికే చివరి ఊట ఎక్కడో తెలియదు. తీసినవాళ్ళు ఏ నెలలో వెళ్ళారో, గెడ్డలో నీరు మోకాలి దాకా ఉందో నడుము దాకా ఉందో తెలియదు. వెళ్ళవద్దని పిల్లలను ఆపడం నాకు ఇష్టం లేదు. కొండ ఎక్కాలన్న కోరిక మంచి కోరిక. దానికి తగిన సమాచారం అందించకపోతే లోపం పెద్దవాళ్ళమైన మనదే.

కొండల్లో జాతీయ ఉద్యానాలు పెట్టుకున్న దేశాలు ఈ పనిని చాలా కాలంగా చేస్తున్నాయి. కెనడాలో బాన్ఫ్ ఉద్యానానికి 1885లోనే పునాది పడింది. అక్కడ కాలిబాట గురించి రాసేటప్పుడు దూరం ఎంత, ఎంత ఎత్తు ఎక్కాలి, ఎంత కష్టం అన్నవి తప్పకుండా చెబుతారు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే కాలంలో కొన్ని దారుల్లో నలుగురికి తక్కువైతే వెళ్ళనివ్వరు. ఆ నలుగురూ దగ్గర దగ్గరగానే నడవాలి. అమెరికాలో 1930ల నాడే కొండ నడకను ఐదు తరగతులుగా విడదీశారు. చేతులు ఊపుకుంటూ నడిచేది ఒకటో తరగతి. దారి సరిగా లేక, అప్పుడప్పుడు చెయ్యి ఆనించవలసి వచ్చేది రెండు. రాతిని చేతులతో పట్టుకునే ఎక్కవలసినది మూడు. పట్టు సులభంగానే ఉన్నా, పడితే ప్రాణం పోయేంత లోతు కింద ఉండి, చాలామంది తాడు కట్టుకునేది నాలుగు. తాడు, పరికరాలు, శిక్షణ కావలసినది ఐదు.

ఈ కొలతతో చూస్తే మన దారుల్లో ఎక్కువ భాగం ఒకటి, రెండు తరగతుల్లోకే వస్తుంది. అయితే గెడ్డ వెంట పైకి వెళ్ళే చోట్ల, వాలు బండలు అడ్డం వచ్చే చోట్ల మూడో తరగతి ఎదురవుతుంది. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రమాదాలు జరిగేది ఇలాంటి చోట్లే. మన రాయి ఖోండలైట్, చార్నొకైట్, నైసు జాతులది. ఎండలో పొడిగా ఉన్నప్పుడు చెప్పు చక్కగా పట్టుకుంటుంది. వాన పడి నాచు పట్టిందా, అదే బండ మీద నిలబడడమే కష్టం. బండ మీద చెల్లాచెదురుగా ఉండే ఎర్ర కంకర ఇంకా ప్రమాదం. నేల మీద ఒలికిన రాగుల మీద కాలు వేసినట్టు జారుతుంది. అందుకని మన దారులకు ఒక తరగతి రాస్తే చాలదు. ఎండకాలానికి ఒకటి, వానకాలానికి ఒకటి రాయాలి. అక్టోబరులో రెండో తరగతి అయిన దారి ఆగస్టులో మూడు దాటిపోవచ్చు.

ఇంకో మాట పిల్లలు గుర్తు పెట్టుకోవాలి. ఎక్కేటప్పుడు పట్టు కళ్ళ ముందు ఉంటుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనిపించదు, శరీరమే అడ్డం వస్తుంది. పైగా అప్పటికి తొడలు అలిసిపోయి ఉంటాయి. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఒక్కటి మాత్రమే కదలాలి, మిగిలిన మూడూ రాతిని అంటిపెట్టుకుని ఉండాలి. ఏ బండనైనా ఎక్కే ముందే దిగి రాగలమా అని చూసుకోవాలి. సందేహం ఉంటే చుట్టుదారి వెతకాలి.

ఇప్పుడు మంచు కొండల సంగతి ఎత్తుతున్నాను. మనకెందుకని మీరు అనుకోవచ్చు. మన కొండల మీద మంచు పడదు, స్కీయింగ్ చెయ్యాలంటే ఔలీకో గుల్‌మార్గ్‌కో వెళ్ళాలి. మంచు కొండల్లో పుట్టిన పెద్దలు మాత్రం మన గజపతి జిల్లాలోనే ఉన్నారు. చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు స్థిరపడ్డారు. జిరంగ్ బౌద్ధ విహారాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. కొండ నడక మీద ఆసక్తి ఉన్న పిల్లలు అక్కడికి వెళ్ళినప్పుడు ఫొటోలతో సరిపెట్టుకోకుండా ఆ పెద్దలతో కూర్చుని మాట్లాడితే బాగుంటుంది.

మంచు కొండల నుంచి మనకు అందవలసిన పాఠం ఒకటి ఉంది. 2003 ఫిబ్రవరి 1న కెనడాలోని గ్లేసియర్ జాతీయ ఉద్యానంలో, రోజర్స్ పాస్ దగ్గర, ఒక పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయులతో కలిసి స్కీల మీద వెళుతున్నారు. మొత్తం పదిహేడు మంది. వాళ్ళు శిఖరాలేవీ ఎక్కడం లేదు, లోయ అడుగున నడుస్తున్నారు. పైనున్న చరియ నుంచి మంచు గుట్టలుగా జారి, హిమపాతమై విరుచుకుపడింది. ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత అక్కడి అధికారులు ఒక సంగతి గమనించారు. ఆ రోజు మంచు ఎంత ప్రమాదకరంగా ఉందో చెప్పే ప్రకటనలు అప్పటికే ఉన్నాయి. నేల ఎలాంటిదో మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు లేదు. అప్పుడు ఒక కొలమానం తయారుచేశారు. హిమపాతం ముప్పు రీత్యా దారులను సులభం, కఠినం, జటిలం అని మూడు రకాలుగా విభజించారు. పిల్లలను తీసుకువెళ్ళే బృందాలు జటిలమైన చోటికి వెళ్ళకూడదని, కఠినమైన చోటికి అర్హత పొందిన గైడు లేకుండా వెళ్ళకూడదని నియమం పెట్టారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు 2018 అక్టోబరు గుర్తుకొస్తుంది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజులవి. మన గజపతి జిల్లాలో వానకు తడవకుండా కొండ గుహలో తలదాచుకున్నవారి మీద చరియ విరిగిపడింది. పిల్లాపాపలతో సహా ప్రాణాలు పోయాయి. కెనడాలో మంచు, ఇక్కడ మట్టి. రెండు చోట్లా మనుషులు నిలబడ్డ నేల కదలలేదు, నెత్తి మీది చరియ కదిలింది. హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మొదలవుతాయి. అయినా చావు సంభవించేది తరచుగా ఆ వాలు కింద, చదునైన చోట. మన దగ్గర ఖోండలైట్ రాయి లోతుగా చివికి ఎర్రమట్టిగా మారుతుంది. రెండు మూడు రోజులు ఎడతెగని వాన పడితే ఆ మట్టి నీటితో బరువెక్కి జారుతుంది. కాబట్టి దారి రాసేవాళ్ళు కాలి కింద ఏముందో రాసి ఊరుకోకూడదు. తల పైన ఏముందో కూడా రాయాలి. ఇక్కడ ఆగి అన్నం తినవద్దు, ఇక్కడ గుడారం వెయ్యవద్దు, వాన పడుతుంటే ఈ గుహలోకి వెళ్ళవద్దు అని స్థలం పేరుతో సహా రాయాలి. మన నడక కాలం అక్టోబరులో మొదలవుతుంది. తుపానులు వచ్చే నెల కూడా అదే. 2013లో ఫైలిన్ కూడా అక్టోబరులోనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట అనగానే కొండ ప్రయాణం వాయిదా వెయ్యడం మన ఇళ్ళలో మామూలు అలవాటు కావాలి.

సమయం లెక్క కూడా చెబుతాను, ఇది చాలామంది వదిలేసేది. స్కాట్లండ్ పర్వతారోహకుడు నెయిస్మిత్ 1892లో ఒక సూత్రం ఇచ్చాడు. మన కొలతల్లో చెప్పాలంటే, ప్రతి ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మైదానంలో వంద మీటర్ల ఎత్తు నుంచి మహేంద్రగిరికి బయలుదేరామనుకుందాం. ఎత్తు ఒక్కదానికే రెండు గంటల ఇరవై నిమిషాలు. దానికి దూరం కలపాలి. ఆ సూత్రం చలిదేశంలో అలవాటున్న నడకదారులకు కట్టినది. మన ఉక్కకు, బరువులకు, పిల్లలకు, విశ్రాంతికి ఇంకా కలపాలి. డిసెంబరు మొదట్లో ఇక్కడ ఐదుంపావు, ఐదున్నర మధ్య పొద్దు గూకుతుంది. చెట్ల కింద చీకటి అంతకన్నా ముందే పడుతుంది. అందుకే ప్రతి దారికీ వెనక్కి తిరగవలసిన గంట రాయాలి. ఆ గంట కొట్టేసరికి శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, తిరిగి రావాలి. చెమటతో తడిసిన చొక్కా సంగతి కూడా చూసుకోవాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. పైన పొగమంచు, సముద్రం మీది గాలి తోడైతే ఒంట్లో వణుకు పుడుతుంది.

అడవి జంతువుల గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. లఖారి లోయ వైపు ఏనుగులు, మందస వైపు ఎలుగుబంట్లు. గుంపుగా, మాట్లాడుకుంటూ, వెలుగుండగా నడవడమే మందు. మలేరియా మాత్రం మరిచిపోతున్నారు. పంతులుగారికి ఈ కొండల్లో పట్టిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్లే వినికిడి దెబ్బతిన్నదని ఆయన జీవితం చదివినవారికి తెలుసు. ఇంటికి వచ్చిన వారానికో రెండు వారాలకో జ్వరం వస్తే, కొండకు వెళ్ళిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ దారులు మనవి కావు, వాటిని నిలబెట్టినవారివి. నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. తవ్వకానికీ నడకకూ పోలిక లేదని నాకు తెలుసు. అయినా అడగవలసిన బాధ్యతలో తేడా లేదు. ఒక దారిని అచ్చువేస్తే రేపు వందమంది వస్తారు. ఊరి ఊటలో కాళ్ళు కడుగుతారు, దేవుడి తోటలో పొయ్యి పెడతారు, ప్లాస్టిక్ సీసాలు వదిలేస్తారు. ఊరివాళ్ళు ఈ దారి రాయవద్దంటే ఆ దారిని కాగితం మీద పెట్టకూడదు, ఎంత అందమైనదైనా సరే. రాయమంటే, గైడు పని, వంట పని, బస ఆ ఊరివాళ్ళకే దక్కాలి. ఏ గుడి దగ్గర చెప్పులు విడవాలో, ఏ పండుగ రోజుల్లో రాకూడదో వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి.

నా ప్రతిపాదన చిన్నది. ముందు మహేంద్రగిరి తీసుకుందాం. కొయిన్‌పూర్ వైపు దారి, మందస వైపు దారి, ఈ రెండే. పర్లాకిమిడి పిల్లలు ఒక వైపు, సోంపేట, పలాస పిల్లలు ఇంకో వైపు నడవండి. ప్రతి బృందంలోనూ ఆ ఊరి సవర పెద్ద ఒకరు ఉండాలి, ఆయనకో ఆమెకో కూలి కాకుండా గురుదక్షిణగా తగిన మొత్తం ఇవ్వాలి. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. భారత సర్వేక్షణ సంస్థ యాభై వేలకు ఒకటి కొలతలో అచ్చువేసిన పటం తెచ్చుకోండి. అందులో ప్రతి ఇరవై మీటర్ల ఎత్తుకూ ఒక గీత ఉంటుంది. గీతలు దగ్గర పడిన చోటల్లా నిటారు చరియ ఉన్నట్టు. దారి చీలిక, ఊట, జారుడు బండ, విరిగిపడే చరియ, ఫోను పలికే చోటు, వెనక్కి తిరగవలసిన గంట నోట్ చేసుకోండి. గాయపడితే ఒడిశా వైపు దిగి పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి రావడం దగ్గరో, ఆంధ్ర వైపు దిగి సోంపేట, పలాస చేరడం దగ్గరో ప్రతి మజిలీకీ రాయండి. రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఉన్న కొండ మీద ఆ ఒక్క వాక్యం గంటలు మిగులుస్తుంది. ముసాయిదా తయారయ్యాక సవర గ్రామాల్లో చదివి వినిపించి, వాళ్ళు దిద్దినవి దిద్దాకే తెలుగు, ఒడియా, సవర భాషల్లో అచ్చువేద్దాం. అచ్చు ఖర్చులో నా వంతు నేను ఇస్తాను.

వానలు తగ్గడానికి ఇంకా నెల పైన ఉంది. ఈలోగా ప్రథమ చికిత్స శిక్షణ, పటం చదవడం నేర్చుకోవచ్చు. సభ అయ్యాక పటం పరిచి ఈ బల్ల దగ్గరే ఉంటాను. పేరు ఇవ్వదలచినవారు ఏ ఊరివారో, ఏ భాషలు వచ్చో, ఏ వైపు నడవగలరో కూడా రాసి ఇవ్వండి. సవర మాట్లాడగలిగిన పిల్లలు ముందుగా రండి.