గేట్లు ఎత్తకముందే

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది వరద పట్నంలోకి వచ్చినప్పుడు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. పోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ నిలబడింది. ఆసుపత్రికి వెళ్లే పని పడితే ఆ చెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈ ఊరు ఎంత ఓర్చుకుందో అక్కడ తెలుస్తుంది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సర్కారు అన్నం వండించి పెట్టింది, తలదాచుకోవడానికి చోటు చూపింది. ఆపదలో ఏ సర్కారైనా చేయాల్సిన పని అది. కానీ పట్నం మీద అసలు ప్రేమ మరుసటి ఏడాది కనిపించింది. 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నగరంలోని నది ఒడ్డు దగ్గరే ఆగిపోలేదు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతుక్కుంటూ ఎగువకు వెళ్లారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు.

ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి దిగే గొలుసుకట్టు చెరువులు ఎలా తెగుతాయో తెలిస్తే ఆ లెక్క ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లకూడదు. ఎక్కువైన నీరు మత్తడి మీదుగా పోవాలి. మత్తడి చాలకపోయినా, దానికి ఎవరైనా అడ్డం కట్టినా, నీళ్లు కట్టలో పల్లంగా ఉన్నచోట పొర్లి, బయటివైపు మట్టిని కోసుకుంటూ లోపలికి వస్తాయి. కాసేపట్లోనే గండి. ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. వానకు తట్టుకోగలిగిన చెరువు, పైచెరువు కూడా వచ్చి మీద పడితే తట్టుకోలేదు.

విశ్వేశ్వరయ్య సలహాతోనే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, మూసీలో కలిసే ఈసీ నది మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇప్పుడు వీటి నీళ్లు తాగుతున్నాం కాబట్టి, మొదట వరదను ఆపడానికి కట్టారన్న సంగతి మరచిపోతున్నాం. 1908 వరద ఉధృతి 4,25,000 క్యూసెక్కులని, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులని అప్పటి లెక్క. ఆ వేగాన గంట పారితే ఒకటిన్నర టీఎంసీ (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). గండిపేట మొత్తం పట్టేదే 3.9 టీఎంసీలు. అంటే పూర్తిగా ఖాళీగా ఉన్నా రెండున్నర గంటల్లో నిండిపోతుంది. నిండుకుండలా ఉంటే ఎంత గట్టి ఆనకట్టయినా వరదను పట్టుకోలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టే వదలాలి. వరదను ఆపేది అందులో మిగిల్చిన ఖాళీయే.

చిక్కు ఇక్కడే ఉంది. తాగునీటికి నిండుగా ఉంచాలి, వరదకు ఖాళీగా ఉంచాలి. సెప్టెంబర్‌లో నిండిన చెరువును వదిలేయమంటే ఏ అధికారికైనా చెయ్యి ఆడదు. వేసవిలో నీళ్లు చాలకపోతే ఎవరు సమాధానం చెప్పాలి? అందుకే నిర్ణయం ఆలస్యమవుతుంది. తర్వాత ఒకేసారి ఎక్కువ గేట్లు ఎత్తాల్సివస్తుంది. వాతావరణశాఖ హెచ్చరిక రాగానే కొద్దికొద్దిగా, రాత్రి కాకుండా పగలే వదలడం మొదలుపెడితే మూసీ ఒడ్డునున్న మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో జనానికి సామాన్లు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. 2025 సెప్టెంబర్ చివర్లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే మూసీ నీళ్లు వచ్చి, ప్రయాణికులు రాత్రిపూట చిక్కుకుపోయారు.

మూసీ పొంగకపోయినా నగరం మునుగుతుంది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. కొద్దిరోజులకే బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. సర్కారు బాధిత కుటుంబాలకు 10 వేల రూపాయల చొప్పున ఇచ్చింది. తడిసిన బియ్యం, పాడైన పరుపు పోగొట్టుకున్న ఇంటికి ఆ డబ్బు అక్కరకొస్తుంది. కానీ అది వాననీరు పోయే నాలాను వెడల్పు చేయదు. 10 సెంటీమీటర్ల వాన ఒక చదరపు కిలోమీటరు మీద పడితే 10 కోట్ల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 20 వేలు. సిమెంటు కప్పేసిన నేల వీటిలో చాలా కొద్దిగానే తాగుతుంది.

నాలా పని కింది నుంచి పైకి జరగాలి. పైన వెడల్పు చేసి కింద ఇరుకుగా వదిలేస్తే ముంపు ఒక బస్తీ నుంచి ఇంకో బస్తీకి మారుతుంది, అంతే. పూడిక తీసే పని జూన్‌కు ముందే అయిపోవాలి. తీసిన బురదను గట్టునే కుప్పపోసి వదిలేస్తే మొదటి వానకే మళ్లీ నాలాలోకి జారుతుంది. మీ వీధిలో అలాంటి కుప్ప కనబడితే ఫోటో తీసి వార్డు ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇల్లు మునిగితే, నీళ్లు స్విచ్‌బోర్డుకు చేరకముందే, మీరు పొడిగా నిలబడి ఉన్నప్పుడే మెయిన్ ఆపేయండి. రోడ్డు మీద నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎత్తకండి. ఆ మూత లేని గుంతల్లో పడి ఈ నగరంలో మనుషులు పోయారు. నీరు తీశాక గోడ మీద మిగిలిన మట్టిగీతను కడగకముందే ఫోటో తీసుకోండి. పంచనామాకు వచ్చేవాళ్లకు అదే సాక్ష్యం.

సంపులోకి వరదనీరు చేరితే ముందు మొత్తం తోడించి, గోడలు, అడుగు రుద్ది కడిగించండి. బురద మిగిలితే క్లోరిన్‌ను అదే తినేస్తుంది, మందు వేసీ లాభముండదు. తర్వాత సంపు నింపి, వెయ్యి లీటర్లకు దాదాపు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన, బకెట్ నీళ్లలో కలిపి, తేరాక పైనీరు సంపులో పోయండి. ఎన్నాళ్లుగానో మూత తీసి ఉంచిన పొడికి బలం ఉండదు, కొత్తది తెచ్చుకోండి. బాత్రూం కడిగే యాసిడ్‌ను అందులో ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. 12 గంటలు ఉంచి ఆ నీళ్లన్నీ పారబోయండి. మళ్లీ పట్టిన నీళ్లనే మరిగించి తాగండి.

నమస్కారం.