నాణ్యత ఎవరి చేతిలో ఉంది?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం)

వ్యాఖ్యాత: పై నుంచి కింది వరకు అందరూ కలిసి నాణ్యతను మెరుగుపరిచే పద్ధతి, అదే సమగ్ర నాణ్యతా నిర్వహణ, కొన్ని కర్మాగారాల్లో వేళ్లూనుకుంటుంది, కొన్నింట్లో గోడమీది సర్టిఫికెట్‌గా మిగులుతుంది. ఎందుకని? జీడిమెట్లలో విడిభాగాలు చేస్తున్నారు, మీరే చెప్పండి.

యజమాని: నా తప్పే చెబుతానండీ. నెలాఖరు, లారీ గేటు దగ్గర ఉంది. మా ఆపరేటర్ వచ్చి "సార్, ప్లగ్ గేజ్ అరిగినట్టుంది, రంధ్రాలు మళ్లీ కొలవాలి" అన్నాడు. రంధ్రంలో దూర్చి కొలత సరిచూసే కడ్డీ అది. "ముందు సరుకు పంపించు" అన్నాను. అరిగిన గేజ్ సన్నబడుతుంది కదా, ఉండాల్సినదానికన్నా చిన్న రంధ్రంలోకీ దూరిపోతుంది. కొన్నవారి దగ్గర పిన్ మాత్రం దూరలేదు. సరుకంతా వెనక్కి వచ్చింది. దాన్ని సరిచేసుకున్నాం. ఆ కుర్రవాడు మాత్రం ఆరు నెలలు నోరు విప్పలేదు.

ఆచార్యుడు: 1989లో సరాఫ్, బెన్సన్, ష్రోడర్ అనే పరిశోధకులు నాణ్యతా నిర్వహణకు ఎనిమిది కీలకాంశాలు గుర్తించారు. శిక్షణ, సరఫరాదారులు, ఉద్యోగులతో సంబంధాలు వంటివన్నీ అందులో ఉన్నాయి. యాజమాన్యం పాత్రదే మొదటి స్థానం. చిక్కేమిటంటే, ఇలాంటి అంశాలను కొలిచే సర్వేల ప్రశ్నపత్రాలు తరచుగా మేనేజర్ల చేతికే వెళతాయి. తన నిబద్ధతకు తానే తక్కువ మార్కులు వేసుకునేవారెవరు?

వ్యాఖ్యాత: కార్మికులను అడిగితే సరిపోతుందా?

విశ్రాంత నాణ్యతాధికారి: అడిగితే చాలదమ్మా. మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో 1980ల ఆరంభంలోనే క్వాలిటీ సర్కిళ్లు, అంటే పనిలోని సమస్యలను కార్మికులే కలిసి చర్చించి పరిష్కరించే చిన్న బృందాలు, మొదలయ్యాయి. దేశానికి దారి చూపింది ఈ ఊరే. తర్వాత చాలాచోట్ల పెట్టారు. సలహాలు రాయించుకుని బీరువాలో దాచినవారినీ చూశాను. మూడో సలహాకు కూడా జవాబు రాకపోతే నాలుగోది ఎవరు రాస్తారు?

ఆచార్యుడు: లోపాల్లో అధికభాగం పద్ధతిలోనివే, పనివాడివి కావని అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ పదేపదే చెప్పేవారు. 1950లో ఆయన జపాన్‌లో పాఠాలు చెప్పినప్పుడు కంపెనీల అధిపతులూ వచ్చి విన్నారు. ఆయన పేరిట జపాన్‌లో నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతిని మన దేశంలో మొదటిసారి అందుకున్నది వాహన విడిభాగాల సంస్థ సుందరం క్లేటన్, 1998లో.

యజమాని: మాలాంటి చిన్నవారికి బహుమతి మాట ఎందుకు లెండి! గేజ్‌లు సమయానికి సరిచూడటానికే డబ్బు కూడదీసుకోవాలి. ఇప్పుడు అనుమానం వస్తే ఆపరేటరే యంత్రం ఆపవచ్చు, నన్ను అడగనక్కరలేదు.

వ్యాఖ్యాత: నెలాఖరున కూడానా?

యజమాని: పోయిన నెలాఖరున లారీ రెండు గంటలు ఆగింది. ఆపింది ఆ కుర్రవాడే. డ్రైవర్ నన్ను తిట్టుకుంటూ టీ తాగడానికి వెళ్లాడు.