అలలు లేని చోటే అసలు ప్రమాదం

విశాఖ ఆర్కే బీచ్‌లోనో, బాపట్ల సూర్యలంకలోనో ఎవరైనా మునిగిపోయారని వార్త వస్తే చాలు, అందరిదీ ఒకటే మాట: "ఈత రానివాళ్లు సముద్రంలోకి ఎందుకు దిగాలి?" వింటే ఒళ్లు మండుతుంది. ఈత వచ్చినవాళ్లూ పోతున్నారండీ!

అలలు ఒడ్డుకు తోసిన నీరు ఎటో ఒకవైపు నుంచి వెనక్కి పోవాలి కదా. అడుగున ఇసుక మేటల మధ్య సందు దొరికితే అంతా అటే పరుగు తీస్తుంది, దర్శనం ముగించుకున్న జనం ఒకే గుమ్మంలోంచి బయటపడుతున్నట్టు. అదే రిప్ కరెంట్. ఒక్కోసారి దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్స్ ఈతగాళ్లకైనా ఎదురీదడం కష్టమే.

ఆ గుమ్మాన్ని గుర్తుపట్టడం ఎలా? ఇరుపక్కలా అలలు విరిగి తెల్లటి నురుగు కనిపిస్తుంది. మధ్యలో ఒక పట్టీ మాత్రం నురుగు లేకుండా, కాస్త ముదురు రంగులో, ఎంతో నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. పిల్లలతో వచ్చినవాళ్లు ఏరికోరి అక్కడే దిగుతారు! కాసేపు ఒడ్డున నిలబడి చూస్తే తెలిసిపోతుంది, కానీ మనవాళ్లకు ముందు ఫొటోలు కావాలి.

పొరపాటున చిక్కుకున్నారనుకోండి. అంతమంది జనం తోసుకొస్తుంటే గుమ్మానికి ఎదురు వెళ్లగలరా? గోడవారగా పక్కకు జరుగుతారు. ఇక్కడా అంతే. ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ నురుగు ఉన్న వైపుకు చేరుకుని, అలలతో పాటు వెనక్కి రండి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి. ఆ ప్రవాహం మిమ్మల్ని అడుగుకు లాగదు, లోపలికి మోసుకెళుతుందంతే. అలలు విరిగే చోటు దాటాక దాని జోరు తగ్గుతుంది. మనిషిని ముంచేది ఎదురీత తెచ్చే అలసట. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకే దూకకండి. మూత బిగించిన ఖాళీ డబ్బానో, తాడో విసిరి, 112కు ఫోన్ చేయండి.

సమయం అయిపోతోంది, మిగతా విహార స్థలాల్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. వానాకాలంలో బొగత, కుంటాల జలపాతాలకు వెళితే మీ నెత్తిన ఎండ కాస్తోందని ధీమా వద్దు. ఎగువన వాన పడి ఉండవచ్చు. నీరు బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి. ఉరుము వినబడితే చెట్టు కిందకు పోకండి, భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. ఇక చలికాలం లంబసింగి. పొగమంచులో రోడ్డు మీద బండి ఆపి ఫొటోలు దిగకండి. రాత్రి బొగ్గుల కుంపటిని టెంటులోకి అసలే తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి ఆర్పి, బయటే వదిలేసి, ఇంకో దుప్పటి కప్పుకోండి.