కాల్‌షీట్‌లో నా పేరు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన విద్యార్థులకు నమస్కారం. శాలువా కప్పించుకున్నాను, పూలగుత్తి అందుకున్నాను. మర్యాదలు అంతటితో చాలు. ఒక్క మాట మాత్రం అనకుండా ముందుకు పోలేను. ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘ప్రముఖ బుల్లితెర నటి’ అని అచ్చు వేశారు. నేను ముఖానికి రంగు వేసుకోవడం మానేసి 11 ఏళ్లయింది. ఆ తర్వాతి కాలమంతా మానిటరు ముందే గడిచింది. నాకిచ్చిన అంశం ‘నటన నుంచి దర్శకత్వానికి’ కాబట్టి, పత్రిక వేసినవారు నా ప్రసంగంలో సగం నాకంటే ముందే చెప్పేశారు.

మనకు ఈ దారి కొత్తది కాదు. 1939లో ‘వరవిక్రయం’తో తెరమీదికి వచ్చిన భానుమతి గారు 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తానే నటిస్తూ తానే దర్శకత్వం వహించి తీశారు. భర్త రామకృష్ణారావు గారు అప్పటికే పేరున్న దర్శకులు. అయినా ఆ చిత్రానికి దర్శకురాలి కుర్చీ ఆమెదే. సావిత్రి గారు 1968లో ‘చిన్నారి పాపలు’ చేపట్టినప్పుడు సంగీతాన్ని గాయని పి. లీల గారికి అప్పగించారు. ఆ చిత్రంలో ముఖ్యమైన శాఖలు చాలావరకు స్త్రీలే చూసుకున్నారు. ‘పాండురంగ మహాత్మ్యం’లో చిన్ని కృష్ణుడిగా కనిపించిన విజయనిర్మల గారు 1973లో మలయాళంలో ‘కవిత’, తెలుగులో యద్దనపూడి సులోచనారాణి గారి నవల ఆధారంగా ‘మీన’ తీసి, ఆ పైన 40కి మించి చిత్రాలకు దర్శకత్వం వహించి, 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. అక్కినేని గారితో, రజనీకాంత్ గారితో ‘ఇంకొక్కసారి చేద్దామండీ’ అని చెప్పగల స్థానంలో కూర్చున్న మనిషి ఆమె.

ఇంత జరిగాక కూడా నటి దర్శకురాలైతే మన పరిశ్రమలో వినిపించే మాట ఒకటుంది: ‘ఆర్టిస్టు కదా, ఆర్టిస్టులతో బాగానే చేయించుకుంటుంది, మిగతాది కెమెరామన్ చూసుకుంటాడు.’ ఈ మాటకు జవాబు చెప్పాలనే ఈ రోజు వచ్చాను. శాలువా కోసం కాదు.

నా మొదటి రోజు చెబుతాను. మణికొండలో షూటింగులకు అద్దెకిచ్చే రెండంతస్తుల ఇల్లు, ఉదయం 7 గంటల షిఫ్టు. నేను ఆరున్నరకే వెళ్లి గుమ్మంలో నిలబడితే, పదేళ్లుగా నన్ను ఎరిగిన లైట్‌బాయ్ వచ్చి, ‘మేడం, మేకప్ రూమ్ పైన ఉంది, డైరెక్టరు గారు ఇంకా రాలేదు’ అన్నాడు. అతని తప్పేమీ లేదు. అతని చేతిలోని కాల్‌షీట్‌లో, అంటే ఆ రోజు పనికి ఎవరెవరు రావాలో రాసిన కాగితంలో, నా పేరు ఆర్టిస్టుల వరసలో, అత్తగారి పాత్రకూ పనిమనిషి పాత్రకూ మధ్యన ఉంది.

మొదటి సీనులో అత్తగారు తాళాలగుత్తి కోడలి చేతికివ్వాలి. మన డైలీ సీరియళ్లలో సంభాషణలు కంఠస్థం చేసే తీరిక ఎవరికీ ఉండదని మీకు తెలుసు. సహాయ దర్శకుడు పక్కన నిలబడి గట్టిగా చదువుతుంటే ఆర్టిస్టు అందుకుని పలుకుతుంది, ఆ తర్వాత డబ్బింగులో గొంతు చేరుతుంది. అత్తగారి పాత్ర వేస్తున్న పెద్దావిడ మూడు టేకుల్లోనూ తాళాలు ఇచ్చే క్షణంలో చూపు పక్కకు తిప్పారు. లైటు కళ్లలో పడుతోందేమోనని కెమెరామన్ లైటు మార్పించారు, లాభం లేకపోయింది. ఆ జబ్బు నాకు తెలుసు. ప్రాంప్టింగ్ ఎటునుంచి వస్తే చెవి అటు పోతుంది, చెవి వెంట కన్ను పోతుంది. ఏళ్ల తరబడి నా కన్నూ అలాగే పోయింది. చదివే కుర్రవాణ్ణి తీసుకెళ్లి కోడలి వెనక, ఫ్రేములో పడకుండా, నేలమీద కూర్చోబెట్టాను. నాలుగో టేకులో పెద్దావిడ చూపు నేరుగా కోడలి ముఖం మీద నిలిచింది. షాటు ఓకే అయ్యాక ఆమె నన్ను పిలిచి, ‘ఇన్నేళ్లకు నా మెడనొప్పి కనిపెట్టిన డైరెక్టరువి నువ్వేనమ్మా’ అన్నారు.

ఇది ఆర్టిస్టులతో చేయించుకోవడమా, కెమెరా పనా? చూపు ఎక్కడ పడాలో నిర్ణయించడం దర్శకత్వం కాకపోతే మరేది దర్శకత్వం? ఈ సభలో ప్రొడక్షన్ మేనేజర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చేతులెత్తనక్కర్లేదు, కూర్చునే చెప్పండి.

ఆ ఎపిసోడు ప్రసారమైన రాత్రి పేర్లలో ‘దర్శకత్వ పర్యవేక్షణ’ అని ముందుగా ఒకాయన పేరు పెద్ద అక్షరాలతో పడింది. నా పేరు ఆ కింద, మరో ముగ్గురితో కలిసి, చదివేలోపే పోయింది. ఆ పర్యవేక్షకులు మా సెట్టుకు వచ్చినది రెండే రెండు సార్లు, రెండోసారి భోజనానికి. నేను వెళ్లి అడిగితే సంస్థవారు నవ్వుతూ, ‘మీ ముఖం జనానికి ఎలాగూ తెలుసు కదండీ, మీకు పేరెందుకు?’ అన్నారు. వాళ్లు నిజంగానే మెచ్చుకోలుగా అన్నారు. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సుహాసిని గారు దూరదర్శన్ కోసం తీసిన ‘పెణ్’ కథల గురించి, నటి కాకముందే ఆమె కెమెరా శాఖలో సహాయకురాలిగా పనిచేయడం గురించి రాసుకొచ్చిన రెండు పేజీలు సంచిలోనే ఉండిపోయాయి. అడిగిన విద్యార్థులకు బయట చెబుతాను. నిర్వాహకులకు మాత్రం ఒక మనవి. ఆహ్వాన పత్రికలు ఇంకా మిగిలి ఉంటే, ఒక ప్రతిలో నా పేరు కింది మాటను కలంతోనైనా సరే దిద్ది నాకివ్వండి. మా అమ్మకు 82 ఏళ్లు. నా సీరియల్ వస్తే, పేర్లన్నీ పడి ప్రకటన మొదలయ్యేదాకా కుర్చీలోంచి లేవదు.